కడిగే చెయ్యి

చదవవలసిన భాగాలు: మత్తయి 23:25–26, యోహాను 13:1–15, గలతీయులకు 6:1

నల్ల కారు రెండే సందర్భాల్లో బాగుంటుందని కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నవ్వుతూ అంటుంటారు: షోరూమ్‌లో ఉన్నప్పుడు, కడిగి తుడిచాక ఓ అరగంట సేపు. అయినా అమెరికాకు నలుపుతో బంధం ఈనాటిది కాదు. ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టీ కారును 1914 నుంచి 1925 దాకా నలుపు తప్ప వేరే రంగులో తయారే చేయలేదు. వందేళ్లు గడిచేసరికి ఆ నలుపు మన ఇళ్ల దాకా వచ్చింది. హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ, షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్‌లలో తెలుగువాళ్ల గరాజుల్లోకి తొంగిచూస్తే, కొత్త బండి పక్కన ఒక పాత నల్ల అకార్డో క్యామ్రీయో కనిపిస్తూ ఉంటుంది. దేశానికి వచ్చిన కొత్తలో లోను పెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ కారు. అమ్మితే పెద్దగా రాదు, అమ్మబుద్ధీ కాదు. ప్రసవానికి ఆస్పత్రికి వెళ్లింది అందులోనే. అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకున్నదీ అందులోనే. ఇప్పుడది లైసెన్సు వచ్చిన కూతురి చేతికి వెళ్లబోతోంది. ఇచ్చే ముందు ఒక శనివారం దాన్ని ఇంటి దగ్గరే లోపలా బయటా శుభ్రం చేయాలి. ఈ ఉదయం మన ధ్యానం ఆ పని గురించి.

బయటి నుంచి మొదలుపెట్టాలని చెయ్యి లాగుతుంది. మెరుపు కనిపించేది అక్కడే కదా. ఈ పని తెలిసినవాళ్లలో చాలామంది మాత్రం ముందు నాలుగు డోర్లూ బార్లా తీస్తారు. కారణం చాలా మామూలుది. మ్యాట్లు దులిపినప్పుడు, సీట్ల సందుల్లోకి గాలి కొట్టినప్పుడు లేచే దుమ్మంతా, బయట ముందే తుడిచి ఉంటే, ఆ తడి నలుపు మీదే వాలుతుంది. గిన్నెను బయట తోమి లోపల వదిలేసే పరిసయ్యులతో ప్రభువు చెప్పిన వరుస కూడా ఇదే, ముందు లోపల. ఆ మాటను మనం వేషధారుల నెత్తిన పడ్డ పిడుగుగానే చదువుతాం. అందులో పని తెలిసినవాడి సలహా కూడా ఉందని అంత తొందరగా తట్టదు.

డ్రైవర్ సీటును పూర్తిగా వెనక్కి జరిపి, పట్టాల మధ్య టార్చి వేసి చూడండి. ఆ ఇంటి చరిత్ర సగం అక్కడే ఉంటుంది. చేగోడీ ముక్కలు, రాయిలా ఎండిన ఫ్రెంచ్ ఫ్రై, హెచ్.ఇ.బి. రసీదు, ఒక క్వార్టర్ నాణెం, సండే స్కూల్లో ఇచ్చిన గొర్రెపిల్ల స్టిక్కరు, కానుకల సంచిలో వేయాలని పెట్టుకుని వేయని కవరు. ఇక వెనక సీటు మీద పసుపు మరక. ప్రేమ విందుకు పట్టుకెళ్తున్న సాంబారు గిన్నె ఏదో మలుపులో ఒలికిన గుర్తు అది.

ఆ మరకను చూడగానే ఘాటు సబ్బు నీళ్లు చల్లి బ్రష్‌తో బరబరా రుద్దాలనిపిస్తుంది. రుద్దితే ఏమవుతుందో పారాణి కలిపిన మన అమ్మమ్మలకు బాగా తెలుసు. సున్నం తగిలిన పసుపు ఎర్రబడుతుంది. ఘాటు సబ్బులోని క్షారం చేసేదీ అదే పని. కాస్తంత పసుపు మరక కాస్తా ఎర్రబడి, బ్రష్ తోసిన కొద్దీ గుడ్డలోకి దిగుతుంది. అదే మరకను ముందు పొడి గుడ్డతో అద్ది, చల్లటి నీళ్లతో తేలిగ్గా తుడిచి, ఎండ తగిలేలా కారును తిప్పి పెట్టి వదిలేస్తే రోజురోజుకీ పాలిపోతుంది. పసుపుకు ఆ రంగునిచ్చే కర్‌క్యుమిన్ వెలుతురుకు నిలవదు. పెళ్లిలో కట్టిన పసుపు బట్టలు నాలుగు ఎండలకే వెలిసిపోవడం మనం చూసిందే. టెక్సస్ ఎండకైతే ఇక చెప్పేదేముంది.

రుద్దడం వల్ల ఎర్రబడిన మరకలు సీట్ల మీదే ఉండవు. పిల్లవాడు ఎప్పుడో చెప్పిన చిన్న అబద్ధం, చుట్టాలందరి ముందూ పదిసార్లు తవ్వి తీసేసరికి, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎర్రగానే కనిపిస్తుంది. వెలుగులో వదిలేసి ఉంటే పాలిపోయేదే.

డాష్‌బోర్డు, అద్దాలు, ఏసీ మూతులు: వీటికి ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ చాలు. జిడ్డుగా మెరిసే ద్రవాలు పూయకపోవడం మంచిది, ఎండలో ముందద్దంలో ప్రతిఫలించి కళ్లు చెదురుతాయి.

బయటి పని తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పరిశోధకులు వేసవి ఎండలో నిలిపిన కార్లను కొలిస్తే, గంట గడిచేసరికి డాష్‌బోర్డు వేడి సగటున 157 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. అవి వెండి రంగు కార్లు. నల్ల బానెట్ సంగతి మీరే ఊహించుకోండి. కాలుతున్న రేకు మీద సబ్బు నీళ్లు పోస్తే కడిగేలోపే ఆరిపోయి, నీళ్లలోని ఖనిజాలు తెల్ల మచ్చలై కూర్చుంటాయి. వేడి మీద ఉన్నప్పుడు కడగకూడదు. కారు విషయంలోనే కాదు.

గల్ఫ్ తీరాన ఉన్నవాళ్లకు ఇంకో బెడద. మే నెలలో, మళ్లీ సెప్టెంబర్‌లో, జంటలు జంటలుగా ఎగిరే నల్ల పురుగులు వస్తాయి. లవ్‌బగ్స్ అంటారు. ఆ రోజుల్లో హైవే మీద గాల్వెస్టన్ దాకా వెళ్లివస్తే బంపరు, బానెట్ నిండా అవే. వాటిని అలాగే ఎండకు వదిలేస్తే రంగును తినేస్తాయి. అలాగని గోళ్లతో గీకితే గీతలు పడతాయి. టవల్ బాగా తడిపి బానెట్ మీద పరిచి పది నిమిషాలు ఊరుకోవాలి. తర్వాత అవి వాటంతటవే జారివస్తాయి. వదలకూడదు, గీకకూడదు, నానబెట్టాలి. ఓర్పు గురించి నేను విన్న ప్రసంగాల్లో చాలావాటికంటే ఈ పది నిమిషాలు ఎక్కువ నేర్పుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సాయంత్రం ఎండ వాలినప్పుడు పాత నల్ల కారు బానెట్ మీదికి వంగి చూడండి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు గూడు కట్టినట్టు, గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి అక్కడ గుండ్రటి గీతలేమీ ఉండనక్కర్లేదు. అన్ని దిక్కులకూ పోయే వేల గీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే కంటికి మెరుస్తాయి. టార్చిలైటు ఎటు జరిపితే ఆ వలయం అటే జరుగుతుంది. అంటే వెలుగు పడని చోట కూడా అవి ఉన్నాయన్నమాట.

అవి ఎక్కడివి? రోడ్డు మీద ఎగిరిన రాయి ఒక్కచోట లోతుగా కొడుతుంది, దాన్ని గుర్తుపట్టవచ్చు. ఈ సన్న గీతల్లో ఎక్కువ భాగం మాత్రం కడిగిన చేతులు పెట్టినవే. దుమ్ము పట్టిన కారును పొడి గుడ్డతో తుడిచినప్పుడు పడ్డవి. కింద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడినప్పుడు పడ్డవి. ఇసుక దిగిన బకెట్లోనే స్పాంజిని ముంచి మళ్లీ డోరుకు రాసినప్పుడు పడ్డవి. పగవాడు పెట్టలేదు. యజమానే, ఎంతో ప్రేమగా, వారం వారం శ్రద్ధగా పెట్టాడు.

మన చేతులకు ఇది నేర్పడం కాస్త కష్టమే. చింతపండూ బూడిదా పట్టించి, పీచుతో ఇత్తడి బిందె తోమిన చేతులు మనవి. ఎంత రుద్దితే అంత మెరుపు అన్నదే వాటికి తెలిసిన పాఠం. కారు రంగు దగ్గర ఆ పాఠం పనికిరాదు. ఇక్కడ పద్ధతి వేరు. ముందు హోస్‌పైపుతో పైనుంచి కిందికి నీళ్లు ధారగా పోయాలి, చెయ్యి తగలకముందే పోయేదంతా పోవాలి. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో వట్టి నీళ్లు. మెత్తటి తొడుగుతో కారు మీద కొంత మేర రాయగానే, దాన్ని ముందు వట్టి నీళ్లలో జాడించి, ఆ తర్వాతే సబ్బులో ముంచాలి. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ ఇక పైకి రాకూడదు. పని అంతా అయ్యాక రెండో బకెట్ అడుగున వేళ్లు పెట్టి చూడండి, గరగరమని ఇసుక తగులుతుంది. ఆ బకెట్ లేకపోతే ఆ ఇసుకంతా మన చేతిలోనే ఉండి, కారు మీదే తిరిగేది.

ఎవరైనా తప్పులో చిక్కుకుంటే వాణ్ణి నిలబెట్టండని గలతీ సంఘానికి చెప్పిన పౌలు, ఆ పని ఎవరు పడితే వాళ్లు ఎలా పడితే అలా చేయమనలేదు. మెత్తని మనసుతో చేయమన్నాడు. చేస్తున్నంతసేపూ నిన్ను నువ్వు చూసుకుంటూ ఉండమన్నాడు. ఆ రెండో మాటే రెండో బకెట్. మనం సాధారణంగా ఒక్క బకెట్‌తో కానిచ్చేస్తాం. పదహారేళ్ల పిల్ల రాత్రి ఆలస్యంగా ఇంటికి వచ్చింది. తప్పే, మాట్లాడాల్సిందే. కానీ మాట్లాడటానికి లేచిన తండ్రి చేతికి ఏమేం అంటుకుని ఉంది? ఆ రోజు ఆఫీసులో మేనేజర్ అన్న మాట. ఎదురింటి అబ్బాయికి వచ్చిన ఎస్‌ఏటీ మార్కులు. గ్రీన్‌కార్డు దిగులు. గుంటూరులో అక్కవాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారోనన్న భయం. ఇదేదీ జాడించకుండా అదే చేత్తో ఆ పిల్లను కడగబోతాడు. ఆలస్యంగా రావడం అన్న మచ్చ పోవచ్చు, పోకపోవచ్చు. గీతలు మాత్రం పడతాయి. అమ్మ నెమ్మదిగా, "రేపు మాట్లాడండి, ముందు అన్నం తినండి" అంటుంది. ఆ ఇంట్లో బకెట్ల సంగతి తెలిసింది ఆమెకే.

సంఘంలో కూడా ఇంతే. ఎంఎస్ చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు రెండు ఆదివారాలు ఆరాధనకు వస్తాడు. మూడో ఆదివారం ఒక పెద్దాయన అతని చెవిపోగు గురించి, మరొకాయన జుట్టు గురించి, ఇంకో అమ్మగారు అతనితో మాట్లాడుతున్న అమ్మాయి గురించి తలా ఒక మాట అంటారు. నాలుగో ఆదివారం అతను కనిపించడు. "వాడి మంచికే చెప్పాం బ్రదర్" అంటాం. అబద్ధమేమీ కాదు. స్పాంజి కూడా కారు మంచికే పట్టుకున్నాం.

మరి తెల్ల కారుకు గీతలుండవా? అంతే ఉంటాయి. తెలుపు వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది కాబట్టి అందులో కలిసిపోతాయి. నలుపులో దాక్కునే చోటు లేదు. మన మధ్య కొందరి బతుకులు అలా నల్ల రంగులో ఉంటాయి. విడాకులు తీసుకున్న చెల్లెలు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన తమ్ముడు, పిల్లవాడు కాలేజీ మానేసిన కుటుంబం: వీళ్లవి దూరం నుంచే కనిపిస్తాయి. కోపాలూ అసూయలూ డబ్బాశా మోస్తున్న మిగతా మనమంతా తెల్ల కార్లం. సరిదిద్దే చేతులన్నీ కనిపించేవాళ్ల మీదే పడటం న్యాయం కాదు.

గీతలు ఉన్నాయి కదా, పాలిష్ పట్టేస్తే పోతాయంటారు. పోతాయి, కానీ ఎలా పోతాయో తెలిసి చేయాలి. 1980ల నుంచి వాడుకలో పెరిగిన పద్ధతిలో, రంగు పైన క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పొర వేస్తారు. దాని మందం సాధారణంగా 40–50 మైక్రాన్లు ఉంటుంది, తలవెంట్రుక కంటే పలచన. పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు ఎక్కడుందో అక్కడిదాకా చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. అది అయిపోయిన కార్లను మీరు చూసే ఉంటారు, పైకప్పు మీద తెల్లగా పొరలు లేచి ఉంటాయి. అందుకే అనుభవం ఉన్నవాడు పాత కారు మీద ముందు గోరు ఆనించి చూస్తాడు. గోరు పట్టుకునేంత లోతున్న గీత జోలికి పోడు. మిగతావాటిని కొంచెం తగ్గించి, ఇక చాలనుకుని, పైన మైనం పూసి వదిలేస్తాడు. అద్దంలా చేస్తానని పట్టుబట్టేవాడికి పాత కారు ఇవ్వకూడదని నా అభిప్రాయం. మనుషుల్ని అసలే ఇవ్వకూడదు.

ఆ మైనం సంగతి కూడా వినదగ్గది. కార్నౌబా అనే ఆ మైనం ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద తయారవుతుంది. ఎండలకు తన నీరు ఇంకిపోకుండా చెట్టు తన ఆకులకు తానే ఆ పూత పూసుకుంటుంది. ఆకును కాయడానికి సృష్టికర్త ఏర్పాటు చేసిన ఆ పూతనే మనం కేటీలో బానెట్‌కు పూస్తున్నాం. గీతను తీసేయడం దాని పని కాదు, ఉన్నదాన్ని కాయడం దాని పని.

యోహాను 13లో పేతురు కూడా పట్టుబట్టాడు. మొదట నా కాళ్లు కడగవద్దన్నాడు, తర్వాత తలా చేతులూ కూడా కడగమన్నాడు. ప్రభువు రెండింటికీ ఒప్పుకోలేదు. స్నానం చేసినవాడికి కాళ్లు చాలు. దుమ్ము ఎక్కడ అంటిందో అక్కడికే నీళ్లు. అవి పోసినవాడు నడుముకు తువ్వాలు కట్టుకుని కింద ఉన్నాడు. కారు కింది అంచులు కడగాలన్నా మోకాళ్ల మీద కూర్చోవలసిందే, నిలబడితే అక్కడి మురికి కనిపించదు.

కడిగే ముందు ఆగడం గురించి మన చరిత్రలోనూ ఒక కథ ఉంది. టెక్సస్‌కు లోన్ స్టార్ (ఒంటరి నక్షత్రం) రాష్ట్రమని పేరు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్టిస్టు కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. 1853లో నెల్లూరు మిషన్‌ను మూసేయాలా అని అమెరికన్ బాప్టిస్టులు తర్జనభర్జన పడుతున్నప్పుడు, పటంలో ఒంటరిగా ఉన్న ఆ చుక్కను ఒంటరి నక్షత్రమంటూ శామ్యూల్ ఎఫ్. స్మిత్ కవిత రాశారు. మిషన్ నిలిచింది. 1865లో అక్కడికి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ, 1876–78 నాటి మహా కరువులో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్లను ఆయన ఆపారు. అన్నం కోసం వస్తున్నారో, నమ్మి వస్తున్నారో కరువు సాయం నడుస్తుండగా తేలదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకైతే దానికి ముందున్న ఆ ఏడాది పెద్దదనిపిస్తుంది. విదేశీ సంఘాలకు లెక్కలు పంపవలసిన మనిషి, లోపలి సంగతి తేలేదాకా నీళ్ల దగ్గరికి తొందరపడలేదు.

చివరిగా ఒక పని. కారును సిమెంటు డ్రైవ్‌వే మీద కడిగితే ఆ సబ్బూ నూనే మురికీ వీధి చివరి వాననీటి కాలవలోకి పోతాయి. ఇంటి మురుగునీటిలా అవి శుద్ధి కేంద్రానికి వెళ్లవు. కేటీ వైపు నీళ్లయితే బఫెలో బయూ మీదుగా గాల్వెస్టన్ అఖాతంలో కలుస్తాయి. వీలుంటే కారును గడ్డి మీదికి ఎక్కించి కడగండి, ఆ నీళ్లను నేల పీల్చుకుంటుంది. ఒకరిని కడిగిన మురికిని వాట్సాప్ గ్రూపులో వదిలేవాళ్లు కూడా దీన్ని కొంచెం ఆలోచించాలి.

ప్రార్థన: ప్రభువా, నాకు కనిపిస్తున్న ఇతరుల గీతల్లో నేను పెట్టినవి ఏవో చూపించు. నా చేతికున్న ఇసుకను నేను ముట్టుకునే ముందే కడుగు. వదిలేయాల్సినదాన్ని వదిలేసే ధైర్యం, నానబెట్టాల్సినదాన్ని నానబెట్టే ఓపిక ఇయ్యి. వంగడానికి మోకాళ్లు ఇయ్యి. ఆమేన్.

ఈ రోజు మీరు ఎవరికైనా ఒక గట్టి మాట చెప్పవలసి ఉంటే, ఈ రాత్రి ఫోన్ చేయకండి. గలతీయులకు 6:1 ఒకసారి చదివి పడుకుని, రేపు ఉదయం చేయండి.